దేవుడి గదికి గుమ్మమెటు

ఫిబ్రవరి 20

మొదటి మేస్త్రి వెళ్ళిపోయాడు. పునాది మీద నాలుగు వరుసలు లేపాడో లేదో, తాపీ కడుక్కుని సంచీలో వేసుకుని, "అమ్మగారూ, మీరు మంచివారు, దేవుడు మీకు ఓపికివ్వాలి" అని నాకు దండం పెట్టి మరీ వెళ్ళాడు. మా ఆయన అన్నదల్లా ఒకటే మాట. "ఇసుక ఇలా తగ్గిపోతోందేమిటి, మీ ఇంట్లో కూడా గోడలు లేస్తున్నాయా?" అని. అది కూడా నవ్వుతూ అన్నారట. ఆయన నవ్వితే ఎదుటివాళ్ళకి ఇంకా భయమేస్తుంది. ఆ సంగతి ఆయనకి తెలీదు.

ఆయన్నని ఏం లాభం. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. జీవితమంతా త్రాసుల కింద వేలు పెట్టి చూసిన మనిషి. బజార్లో ఎవరైనా ఆప్యాయంగా పలకరిస్తే, వీడు తూకంలో ఎక్కడ కొడుతున్నాడా అని చూస్తారు.

పాత ఇల్లు పడగొట్టేశాం. కొత్తది మోకాలెత్తు లేచింది. సామానంతా మరిదిగారి వరండాలో, మేమిద్దరం వాళ్ళ వెనక గదిలో. నా దేవుడి పటం వాళ్ళ ఫ్రిజ్ మీద, మందుల డబ్బా పక్కన. ఫ్రిజ్ మోటారు ఆన్ అయినప్పుడల్లా దేవుడు వణుకుతాడు. వానల్లోపల పైకప్పు పడకపోతే ఆయన ఇంకో ఏడాది వణకాల్సిందే. నేనూను.

ఫిబ్రవరి 21

ప్రార్థన చేసుకుంటుంటే పొయ్యి మీద పాలు పొంగాయి. నా తోడికోడలు ఏమీ అనలేదు. పొయ్యి తుడిచింది. గట్టిగా తుడిచింది.

ఫిబ్రవరి 27

కొత్త మేస్త్రి దొరికాడు. పొట్టి మనిషి, పెద్ద మీసం, మీసం నిండా సిమెంటు. మా ఆయన సంగతి మొదటి మేస్త్రి చెప్పే పంపినట్టున్నాడు. రాగానే నన్ను పక్కకి పిలిచాడు.

"అమ్మగారూ, పని నేను చేస్తాను. కానీ ఒక్క షరతు. అయ్యగారు నాతో మాట్లాడకూడదు. నేనూ ఆయనతో మాట్లాడను. ఏదున్నా మధ్యలో మీరే."

"ఎందుకు బాబూ?"

"నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఆయనకి అనుమానం నాలిక మీదుంటుందట. రెండూ ఒకచోట కలిస్తే గోడ లేవదు."

ఇంతకుముందు ఒకాయన ఇల్లంతా ఇతని చేత కట్టించుకుని, చివరి రోజున గేటు బయటే నిలబెట్టి మాట్లాడాడట. "నేను పెట్టిన గేటమ్మా అది!" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిమెంటు పడిందన్నాడు.

మా ఆయనకి చెబితే, "మంచిదేగా. వాడితో నాకేం కబుర్లు? ఇంతకీ గేటు దగ్గర ఎందుకు నిలబెట్టారో? జేబులు తడిమి చూశారేమో కనుక్కో" అన్నారు.

కనుక్కోలేదు.

మార్చి 3

మొదటి కబురు ఇవాళే మోశాను. మా ఆయన కుర్చీ గేటు దగ్గర, నీడలో. మేస్త్రి పరంజా మీద. మధ్యలో కంకర, సిమెంటు కలిపే మిల్లరు గరగరా తిరుగుతుంటే ఒకరి మాట ఒకరికి వినపడదు. దేవుడి దయ.

"ఆ మూల గోడ చూస్తే తాగి కట్టినట్టుంది" అన్నారు మా ఆయన. "చేతులు వణుకుతున్నాయేమో, డాక్టరుకి చూపించుకోమని చెప్పు."

ఇసుక కుప్ప దాటుకుంటూ వెళ్ళాను. ఒక చిన్న ప్రార్థన పట్టేంత దూరం.

"ఏమన్నారమ్మగారూ?"

"మీ చేతుల గురించే మాట్లాడుతున్నారు."

"నా చేతులా?"

"మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోవాలన్నారు."

మేస్త్రి తన చేతులకేసి చాలాసేపు చూసుకున్నాడు. అటు తిప్పి, ఇటు తిప్పి. తర్వాత ఆ మూల గోడ తనంతట తనే విప్పి మళ్ళీ కట్టాడు.

ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఆకుకూర కడిగితే మట్టి పోతుంది కానీ ఆకు పోదు కదా. నేనూ అంతే. మాట కడిగాను.

మార్చి 11

మా ఆయన నా తోడికోడలి చెంచా ఒకటి జేబులో వేసుకొచ్చి, పని ఆగగానే గోడల్ని టంగు టంగున కొట్టి చూస్తున్నారు. ఇటుకల మధ్య సిమెంటు మాలు నిండుగా పోశాడా, లోపల బోలుగా వదిలేశాడా అని. మేస్త్రి పైనుంచి చూశాడు.

"గోడ అనుకుంటున్నారా, పుచ్చకాయ అనుకుంటున్నారా? ఆయన కళ్ళు కొలబద్దలు, నాలిక రంపం. నా తాత దగ్గర్నుంచీ ఇదే పనమ్మా మాది, ఇంత అనుమానప్పక్షిని మా వంశంలో ఎవరూ చూడలేదు. చెప్పండి ఆయనకి!"

చెప్పాను.

"మీ కళ్ళు కొలబద్దల్లాంటివట. వాళ్ళ తాత నాటి నుంచీ ఇంత జాగ్రత్త గల మనిషిని చూడలేదట."

మా ఆయన చెంచా జేబులో పెట్టేసుకున్నారు. "అంత మాటన్నాడా?" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నేను మాట తీసేస్తానే కానీ కలపను. ఈ నియమం తప్పను. పక్షిని తీసేసి మనిషిని పెట్టాను, అంతే. అది కలపడం కిందికి రాదు.

మార్చి 12

తోడికోడలు చెంచా కోసం ఇల్లంతా వెతికింది.

మార్చి 19

మాలు మోసే ఆవిణ్ణి అందరూ రేడియో అంటారు. నోరు కట్టేయడం ఎవరి వల్లా కాదు. ఇవాళ తట్ట దించి నా పక్కన చతికిలబడింది.

"అమ్మా, తూకం సారు అక్కడ అనేది ఒకటి, మీరు ఇక్కడ చెప్పేది ఇంకొకటి. నేను అటూ ఇటూ తిరుగుతుంటానుగా, నా చెవిన రెండూ పడుతున్నాయి."

అటూ ఇటూ చూశాను. "ఎవరికైనా చెప్పావా?"

"చెబుతానా? ఇంత సరదా ఎక్కడ దొరుకుతుంది? ఒక్క సాయం చెయ్యండమ్మా. మా ఇంటాయన అనే మాటలు కూడా మీరే విని నాకు చెప్పండి. నా చెవులు కాస్త చల్లబడతాయి."

నవ్వకూడదనుకున్నాను. నవ్వాను. దేవుడు క్షమించాలి.

మార్చి 28

ఇద్దరికీ బాగా కుదిరింది. పొద్దున్నే మేస్త్రి పరంజా మీంచి చెయ్యి ఊపుతాడు, మా ఆయన కుర్చీలోంచి చెయ్యి ఊపుతారు. షరతు ప్రకారం మాట మాత్రం లేదు. ఊపుడు రోజురోజుకీ పెద్దదవుతోంది. ఇవాళ మేస్త్రి రెండు చేతులూ ఊపబోయి పడబోయాడు.

మా ఆయన తన కుర్చీని వెనక్కి, చెట్టు కిందికి జరిపించుకున్నారు. "అస్తమానం మీద కూర్చున్నట్టుంటే పనివాడికి ఇబ్బంది" అన్నారు. ఇది ఎవరన్నారు? మా ఆయనే అన్నారు. రాసుకుంటున్నాను, రేపు నేనే నమ్మనేమోనని.

"ఇంతకీ నా గురించి ఏమైనా అన్నాడా ఇవాళ?" అని సాయంత్రం అడిగారు. నిజానికి మేస్త్రి ఇవాళ ఏమీ అనలేదు. ఆయన ముఖం చూస్తే చిన్నపిల్లాడిలా ఉంది.

"మిమ్మల్ని చూస్తే సొంత అన్నయ్యని చూసినట్టుందట" అన్నాను.

ఇది కలపడమే. కానీ ఒక్కసారే.

ఏప్రిల్ 1

మేస్త్రికి కూడా ఒకటి చెప్పాల్సి వచ్చింది. ఒకరికి చెప్పి ఒకరికి చెప్పకపోతే అన్యాయం కదా. "మీ చేతులు దేవుడు కొలిచి ఇచ్చినవన్నారు" అని చెప్పాను. దేవుడి పేరు ఉంది కాబట్టి దోషం తగ్గుతుందనుకుంటాను.

ఏప్రిల్ 6

దేవుడి గది గోడలు మొదలయ్యాయి. చిన్న గది. ఒక పక్క హాలు, ఒక పక్క వంటిల్లు. మిగతా రెండు వైపులా బయటి గోడలు. మా ఆయన గీసిన ప్లానులో గుమ్మం దగ్గర చెరిపి గీసి, చెరిపి గీసి కాగితం చిల్లు పడింది. మేస్త్రి ఆ చిల్లులోంచి నన్ను చూశాడు.

"అమ్మగారూ, గుమ్మం హాలు వైపా, వంటింటి వైపా? అడిగి చెప్పండి."

అడిగాను. మా ఆయనకి అప్పుడే నీళ్ళ ట్యాంకరు వాడితో గొడవై ఉంది. "గుమ్మం ఎటో కూడా నేనే చెప్పాలా? మేస్త్రి వాడా నేనా? నెత్తిన పెట్టుకోమను!" అన్నారు.

ఇసుక కుప్ప దాటాను. "మీరెటు పెట్టినా సరేనన్నారు. మీ మీద అంత నమ్మకం."

మేస్త్రి తాపీ కింద పెట్టేశాడు. "నా మీదా? నా పుట్టుకలో ఏ ఇంటాయనా ఇంత మాట అనలేదమ్మా."

నన్నడిగితే వంటింటి వైపు ఉంటే బాగుంటుంది. కూర్చుని ప్రార్థన చేసుకుంటుంటే పొయ్యి మీద పాలు కనిపిస్తాయి. అయినా నన్నెవరు అడిగారు. దేవుడికి హాలైతేనేం, వంటిల్లైతేనేం.

ఏప్రిల్ 7

మేస్త్రి జవాబు పంపాడు. "అంత నమ్మకం పెట్టుకున్న మనిషి మాట లేకుండా నేను గుమ్మం పెట్టనమ్మా. అది మర్యాద కాదు. అయ్యగారు చెప్పాక పెడతాను. ఈలోగా గోడ ఆపను, పైకి కట్టుకుపోతుంటాను. చెప్పినప్పుడు కోసుకోవచ్చు."

ఇది మాత్రం అతను అన్నది అన్నట్టే చెప్పాను. ఒక్క అక్షరం కడగలేదు.

మా ఆయన కరిగిపోయారు. "చూశావా! ఇలాంటి పనివాడికి మనం స్వేచ్ఛ ఇవ్వాలి. నేను చెప్పను. చెబితే అతన్ని అవమానించినట్టే. అతని ఇష్టమే నా ఇష్టమని చెప్పు."

చెప్పాను.

మేస్త్రి కళ్ళు తుడుచుకుని ఇంకో రెండు వరుసలు కట్టాడు.

ఏప్రిల్ 10

మీరు చెప్పండంటే మీరు చెప్పండి. అటూ ఇటూ తిరిగి నా చెప్పు తెగింది. పూర్వం తిట్టుకునేటప్పుడే నయం, గోడలు ఎక్కడ ఉండాలో అక్కడ ఉండేవి.

వంటింటి వైపు అని నేనే చెప్పేయవచ్చు. మా ఆయన అన్నారని మేస్త్రికీ, మేస్త్రి అన్నాడని మా ఆయనకీ. కానీ అది అబద్ధమవుతుంది. నేను అబద్ధం ఆడను.

ఏప్రిల్ 12

వడ్రంగి ద్వారబంధం తెచ్చాడు. "ఎక్కడ దించమంటారు?" మా ఆయన మేస్త్రిని చూపించారు, మేస్త్రి మా ఆయన్ని చూపించాడు. హాలు మధ్యలో నిలబెట్టి, రెండు కర్రలు ఊతం పెట్టి వెళ్ళాడు. చుట్టూ గోడ లేదు, గుమ్మం ఒక్కటే నిలబడి ఉంది.

రేడియో మాలు తట్టతో దాని ముందాగి, "లోపలికి రావచ్చా?" అని అడిగి, అందులోంచే దాటి వెళ్ళింది. అప్పటినుంచీ పనివాళ్ళందరూ అలాగే వెళుతున్నారు. పక్కన అంత ఖాళీ ఉన్నా సరే.

మా ఆయన కూడా.

ఏప్రిల్ 15

వంటింటి వైపు గోడ పైదాకా వెళ్ళిపోయింది. బయటివి రెండూ కూడా. ఇంక హాలు వైపుదే, నడుమెత్తులో ఉంది. పోనీలే. నాకెందుకు.

పాలు మళ్ళీ పొంగాయి. "అక్కా, నువ్వు దేవుణ్ణి పిలుస్తావు, వచ్చేది మాత్రం పాలు" అంది తోడికోడలు.

ఏప్రిల్ 18

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను. నవ్వాలో భయపడాలో తెలియడం లేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. నాకు ఎక్కడా కాస్త నెమ్మది దొరకడం లేదు. కట్టేది దేవుడి గదే కదా అని, పీట వేసుకుని నడుమెత్తు గోడ దాటి లోపలికి దిగాను. మూల మిగిలిన ఇటుకలున్నాయి, వాటి మీద ఎండ పడకుండా పందిరిలా పరదా కట్టి ఉంది. దాని కింద కూర్చుని కళ్ళు మూసుకున్నాను. చల్లగా ఉంది. ధ్యానం లోతుగా సాగింది.

కళ్ళు తెరిచేసరికి చెంప మీద ఇటుక అచ్చు పడి ఉంది. ధ్యానంలో తల ఆనించి ఉంటాను. లేచి నిలబడితే హాలు వైపు గోడ నా తల దాటి పైకి పోయింది. నాలుగు వైపులా గోడలు. పైన ఆకాశం. గుమ్మం లేదు. పీట అవతలే ఉండిపోయింది. పరదా కింద ఉన్న నన్ను పరంజా మీంచి ఎవరూ చూడలేదు.

ఇటుకలెక్కి చూశాను. గోడ అంచు అందింది కానీ పచ్చిగా ఉంది, పట్టుకుంటే మీద పడేలా ఉంది. "బాబూ" అని పిలిచాను. మిల్లరు గరగర. "ఏమండీ" అన్నాను. గరగర. ఆడపిల్ల మాట పక్క గదిలోకి వినపడకూడదని మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది. ఇప్పుడందరూ పక్క గదిలోనే ఉన్నారు. బాగానే నేర్పింది.

కాసేపటికి మిల్లరు ఆగింది. పిలుద్దామని నోరు తెరిచేలోగా మా ఆయన గొంతు వినపడింది. హాల్లోకి వచ్చినట్టున్నారు.

"ఈ ఇంట్లో ఎవరైనా మా ఆవిణ్ణి చూశారా అని అడుగుతున్నాను. ఎవరినీ ఉద్దేశించి కాదు."

తర్వాత మేస్త్రి గొంతు. "నేను కూడా ఎవరితోనూ మాట్లాడటం లేదు. గోడకి చెబుతున్నాను. అమ్మగారు కనపడి చాలాసేపైంది."

"అలాగైతే గోడకే చెబుతున్నాను, చెట్టు కింద కూడా లేదు."

"ఇంటికి వెళ్ళారేమోనని గోడ అడుగుతోంది."

"చెప్పులు ఇక్కడే ఉన్నాయి!" అని మా ఆయన గట్టిగా అన్నారు. ఆ గొంతులో భయం నాకు తెలిసింది. అప్పుడే పిలవాల్సింది. కానీ ఆ భయం ఇంకొంచెంసేపు వినాలనిపించింది. దేవుడు క్షమించాలి.

"అయ్యగారూ, షరతు పక్కన పెడదాం" అన్నాడు మేస్త్రి. "రేడియో నీళ్ళకి పోయింది, వచ్చాక నాలుగు వీధులూ వెతికిద్దాం. మీరు కూర్చోండి ముందు."

"నువ్వు చాలా మంచివాడివయ్యా. నన్ను చూస్తే సొంత అన్నయ్యని చూసినట్టుందన్నావు, ఆ మాట నిలబెట్టుకున్నావు."

"నేనా?" అన్నాడు మేస్త్రి. "ఎప్పుడూ?"

నేను ఇటుకల మీదే కూర్చుండిపోయాను.

"అదేనయ్యా, మా ఆవిడతో అన్నావుగా."

"లేదే. మా అన్నకీ నాకూ మాటల్లేవు కూడా. అది సరే, మీరు నా చేతులు దేవుడు కొలిచి ఇచ్చినవన్నారట. మా ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను."

"నేనెందుకంటాను? వణుకుతున్నాయి, డాక్టరుకి చూపించుకోమన్నాను."

"వణుకుతున్నాయా? నా చేతులా?"

"మరి నువ్వు నా కళ్ళు కొలబద్దలన్నావా లేదా?"

"అన్నాను. నాలిక రంపం అని కూడా అన్నాను. అనుమానప్పక్షి అనీ అన్నాను. అవి చేరలేదా?"

"చేరలేదు!"

"పది రోజుల కింద గుమ్మం నా ఇష్టమన్నారు కదా, అదైనా మీరన్నదేనా?"

"మొదటిసారి నెత్తిన పెట్టుకోమన్నాను. తర్వాత నీ మర్యాద చూసి ఇష్టమన్నాను. ఆ మర్యాద ఉన్నట్టేనా, లేనట్టేనా?"

అంతలో ఇనుము గలగల. తాపీ, మట్టం, తూకం గుండు ఒక్కొక్కటీ సంచీలో పడుతున్నాయి. మొదటి మేస్త్రి వెళ్ళినప్పుడు విన్న చప్పుడే. "వణికే చేతులతో మీ ఇల్లు కట్టనులెండి" అన్నాడు. "వెళ్ళు, వెళ్ళు, ముందే అనుకున్నాను" అన్నారు మా ఆయన. పైన ఒక మబ్బు అడ్డం వచ్చింది. నాకు ఫ్రిజ్ మీద వణుకుతున్న పటం కనిపించింది. ఇంకో ఏడాది.

నేను అరిచాను.

అంత గొంతు నాలో ఉందని నాకు తెలీదు. గోడ మీద కాకి ఎగిరిపోయింది. 'కాపాడండి' అని అరుద్దామనుకున్నాను. కానీ నోట్లోంచి వచ్చింది అది కాదు.

"గుమ్మం వంటింటి వైపు!"

అవతల సంచీలో గలగల ఆగింది.

"వంటింటి వైపు పెట్టండి! నాకు పాలు కనపడాలి! మొదట్నుంచీ నాకు అటే కావాలి! మీరిద్దరూ అన్నారనుకున్నవన్నీ నేనే అన్నాను, తప్పు నాదే, కానీ గుమ్మం అటే!"

"నువ్వెక్కడున్నావే?" అన్నారు మా ఆయన.

"దేవుడి గదిలో!"

"ఎలా వెళ్ళావు? దానికి గుమ్మం లేదు కదా!"

"అదే చెబుతున్నాను!"

మేస్త్రి సంచీ కింద పడ్డ చప్పుడు. పరుగు. వంటింటి వైపు గోడ మీద సుత్తి పడింది. "అటు మూలకి జరగండమ్మగారూ! అయ్యగారూ, ఊరికే చూస్తారేం, పైవరుస పట్టుకోండి, పడితే నా కాలి మీదే!"

"పట్టుకున్నాను. నువ్వు కొట్టు."

"గట్టిగా పట్టుకోండి."

"పట్టుకున్నానన్నాను కదయ్యా! నమ్మకం లేదా?"

ఆ మాటకి సుత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ పడింది.

ముందు ఒక ఇటుక ఊడింది. ఆ కంతలోంచి మా ఆయన కన్ను కనపడింది. నన్ను చూసింది. నన్ను చూశాక పక్కకి తిరిగింది, విరిగిన గోడకేసి. ఆ కన్ను నాకు తెలుసు, అది త్రాసు కింద చూసే కన్ను.

"ఇదేమిటయ్యా, సందు లేకుండా మాలు నిండుగా పోశావు" అన్నారు. గొంతు మారిపోయింది.

"మరి చెంచాతో కొట్టారు ఇన్నాళ్ళూ. అడిగితే ఒక ఇటుక తీసి చూపించనా?"

"నువ్వు మాట్లాడొద్దన్నావుగా."

"మాట్లాడొద్దన్నాను. అడగొద్దన్నానా?"

"రెండూ ఒకటే కాదటయ్యా?"

"కాదు!"

అలా వాదించుకుంటూనే నన్ను బయటికి లాగారు. నేను ఏడుస్తున్నాను. నా చెంప మీద ఇటుక అచ్చు చూసి మా ఆయన, "నిద్రపోయావా?" అన్నారు. ధ్యానం అన్నాను.

"చూశారా అయ్యగారూ, ఇప్పటికీ" అన్నాడు మేస్త్రి. ఇద్దరూ నాకేసి ఒకేలా తలూపారు. పని మొదలైనప్పటినుంచీ వాళ్ళిద్దరికీ ఒక్క విషయంలో నిజంగా ఏకాభిప్రాయం కుదిరింది. అది నా గురించి.

నీళ్ళతో తిరిగొచ్చిన రేడియో మాత్రం బిందె నేలకేసి కొట్టింది. "నేను లేని ఆ కాసేపట్లోనా!"

ఏప్రిల్ 19

మేస్త్రి వస్తాడో రాడో అని పొద్దున్నే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. వచ్చాడు. నన్ను పలకరించలేదు. నేరుగా మా ఆయన దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ చాచాడు.

"వణుకుతున్నాయా?"

మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"కుడి చెయ్యి కొంచెం" అన్నారు.

"రాత్రి నిద్ర లేదులెండి. మీవల్లే."

"నాకూ లేదు. నీవల్లే."

పనిలోకి దిగారు.

ఏప్రిల్ 23

రోజంతా అరుచుకుంటున్నారు. మిల్లరు కంటే గట్టిగా. నీళ్ళు తక్కువంటే ఎక్కువ, కడ్డీ దూరమంటే దగ్గర. మొదట్లో ప్రతి అరుపుకీ నేను మధ్యలోకి పరుగెత్తేదాన్ని. "నువ్వు కూర్చో" అంటారు ఇద్దరూ. కూర్చుంటున్నాను. చేతులకి ఏం పని చెప్పాలో తోచక నార తాడు పేనుతున్నాను.

ఇవాళ మా ఆయన అలవాటుకొద్దీ, "వాడికి చెప్పు..." అని మొదలుపెట్టి, ఎదురుగా ఉన్న వాణ్ణి చూసి, తనే చెప్పారు. చాలా ఘోరంగా చెప్పారు. మేస్త్రి అంతకంటే ఘోరంగా జవాబిచ్చాడు. ఇద్దరూ టీ తాగారు.

మే 14

పైకప్పు పోశారు. దగ్గర నిలబడి చూసింది మా ఆయనే. మధ్యలో భోజనానికి వెళ్ళి, "నువ్వున్నావుగా" అని మేస్త్రితో అని, మరిదిగారింట్లో కునుకు తీసి వచ్చారు. కడిగి రాయడం లేదు. అన్నది అన్నట్టే రాశాను.

మే 29

మొదటి వాన. ఎక్కడా చుక్క కారలేదు.

తోడికోడలికి చెంచా తిరిగిచ్చాను. గోడల్ని కొట్టి కొట్టి వంకర పోయింది. "ఎక్కడ దొరికింది అక్కా?" అంది. జరిగిందంతా చెప్పాను. మొదటిసారి నేను చెబుతుంటే ఆవిడ పొయ్యి తుడవడం ఆపేసి విన్నది. నవ్వి నవ్వి, ఆవిడ పొయ్యి మీద పెట్టిన పాలు కూడా పొంగాయి.

జూన్ 11

మా ఇంట్లో ఉన్నాం. దేవుడి పటం గోడకి, కదలకుండా ఉంది. మేస్త్రి ఇంకా వంటింటి గట్టు పని చేస్తున్నాడు. మేం దిగిన మొదటి రోజు గేటు దగ్గర ఆగిపోతే మా ఆయనే, "ఏం, గేటుకి తూకం చూస్తున్నావా? లోపలికి రా" అన్నారు. అప్పటినుంచీ నేరుగా వంటింట్లోకి వచ్చి, మంచినీళ్ళు తనే తీసుకుని తాగుతాడు.

పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి దేవుడి ముందు కూర్చున్నాను. గుమ్మంలోంచి పొయ్యి చక్కగా కనిపిస్తోంది. కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే కనిపించదు. ఇంత గొడవలో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

"అమ్మగారూ, పాలు!" అని మేస్త్రి కేక.

"అరవకు! ఆవిడ ధ్యానంలో ఉంది!" హాల్లోంచి మా ఆయన కేక.

"పొంగుతున్నాయండీ!"

"నువ్వు పక్కనే ఉన్నావుగా, ఆర్పలేవూ?"

"చేతులకి సిమెంటు! మీరు రండి!"

"నేను గెడ్డం గీసుకుంటున్నాను!"

"సగం గెడ్డంతో రండి, ఎవరు చూడొచ్చారు!"

మాడు వాసన ముక్కుకి తగిలింది. ఒకప్పుడైతే లేచి పరుగెత్తేదాన్ని, ఇద్దరికీ చెరొక మంచి మాట చెప్పేదాన్ని.

కళ్ళు తెరవలేదు. వాళ్ళిద్దరూ తేల్చుకుంటారులే అనుకుని, మళ్ళీ మొదటినుంచి ప్రార్థన మొదలుపెట్టాను.